మరో సెరెనా ఎందుకవ్వాలి?

మా ఇంట్లో పేపరు నా చేతికొచ్చేసరికి ఆటల పేజీ నలిగిపోయి, కాఫీ కప్పు మచ్చ పడి ఉంటుంది. చాలా ఇళ్లలో ఇంతేననుకుంటాను. మగవాళ్లు చదివేశాక, పిల్లలు బొమ్మలు చూసేశాక, వంటయ్యాక మన వంతు. అయినా నేను వదలను. టెన్నిస్ వార్త ఉంటే చివర చిన్నక్షరాల్లో వేసే స్కోర్లదాకా చదువుతాను. ఇన్నేళ్లుగా చదువుతున్నదాన్ని కాబట్టి ఒక ఫిర్యాదు చేసుకునే హక్కు నాకుందనే అనుకుంటున్నాను.

ఆ పేజీలో కంట్లో నలుసులా గుచ్చుకునే మాట ఒకటుంది. ‘మరో’. మరో స్టెఫీ, మరో సెరెనా, మరో సానియా... పదిహేనేళ్ల పిల్ల నాలుగు మ్యాచ్‌లు గెలిస్తే చాలు, ఆ మాట తెచ్చి తగిలించేస్తారు. పొగుడుతున్నామనుకునే రాస్తారు పాపం. కానీ ఆ క్షణం నుంచీ ఆ పిల్ల ఆట ఆ పిల్లది కాకుండా పోతుంది. ఏం చేసినా పక్కన ఇంకొకరి పద్దు తెరిచి పెట్టి కూడికలూ తీసివేతలూ మొదలవుతాయి.

అమెరికా అమ్మాయి కోకో గాఫ్ సంగతే చూడండి. 2019 జులై 1న వింబుల్డన్ మొదటి రౌండ్లో ఆమె వీనస్ విలియమ్స్‌ని 6-4, 6-4తో ఓడించింది. అప్పటికి కోకోకి పదిహేనేళ్లు, వీనస్‌కి 39. వీనస్ అయిదుసార్లు వింబుల్డన్ గెలిచిన మనిషి. కోకో పుట్టేనాటికే ఆమె ఖాతాలో నాలుగు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లున్నాయి. ఆట అయ్యాక నెట్ దగ్గర కోకో ఆమెకి కృతజ్ఞతలు చెప్పింది. మీరే లేకపోతే నేనిక్కడ ఉండేదాన్ని కాదు అంది. నాకు మాత్రం అంతకంటే బాగా గుర్తుండిపోయింది ఇంకో సంగతి. ఆ వింబుల్డన్‌కి ఆమె నేరుగా రాలేదు. ముందు అర్హత పోటీలు ఆడి గెలిచి రావాల్సి వచ్చింది. ఆ అర్హత పోటీల్లో ఆఖరి మ్యాచ్‌కి ముందు రోజు రాత్రి పదకొండు గంటలప్పుడు కూర్చుని స్కూల్‌వాళ్లు పెట్టిన సైన్సు పరీక్ష రాసిందట! ‘బి’ గ్రేడు వచ్చింది. వాళ్లమ్మ కాండీ టీచరు. కూతురి ఆట కోసం ఉద్యోగం మానేసి ఇంట్లోనే చదువు చెప్పింది. ఆ రాత్రి ఆ తల్లి ఎలా గడిపి ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున మ్యాచ్ ఉన్న పిల్లని పడుకోమనాలా, పరీక్ష రాయమనాలా?

ఆ టోర్నీలో కోకో నాలుగో రౌండుదాకా వెళ్లి హాలెప్ చేతిలో ఓడిపోయింది. ఆ ఏడు టైటిల్ గెలిచింది ఆ హాలెప్పే. కానీ అప్పటికే ప్రపంచమంతా ‘మరో సెరెనా’ అనేసింది. ఎందుకనేశారంటే కారణాలకు కొదవేముంది? నల్లజాతి పిల్ల, ఫ్లోరిడాలో పెరిగింది, తండ్రే మొదటి కోచ్. పైగా సెరెనాకి చాలా ఏళ్లు కోచ్‌గా ఉన్న పాట్రిక్ మౌరతోగ్లూ అకాడమీలో పదేళ్ల వయసు నుంచీ శిక్షణ. ఇన్ని కలిశాక ఆట కూడా ఒకలాగే ఉందా లేదా అని చూసే ఓపిక ఎవరికుంటుంది?

సరే, పోలిక పెట్టారే అనుకుందాం. లెక్క సరిగ్గా వేస్తున్నారా? ‘ఈ వయసుకి సెరెనా ఇంత సాధించింది, ఈ అమ్మాయి ఇంతే’ అంటారు కదా, ఆ వయసుల లెక్కని నేను ఒక మధ్యాహ్నం కూర్చుని పద్దు పుస్తకంలా రాసుకున్నాను. చెప్పొద్దూ, భలే సరదాగా తేలింది.

సెరెనా మొదటి ప్రొఫెషనల్ మ్యాచ్ 1995లో కెనడాలోని క్విబెక్‌లో ఆడింది. పద్నాలుగేళ్లు. 1-6, 1-6తో ఓడిపోయింది. ఆ తర్వాత 1996 మొత్తం టోర్నీలకే వెళ్లలేదు. వాళ్ల నాన్న రిచర్డ్ పంపలేదు. అంటే పదిహేనేళ్ల వయసులో కోకో వింబుల్డన్ సెంటర్ కోర్టులో ఆడుతుంటే, అదే వయసులో సెరెనా ఎక్కడుందో ఆటల పేజీవాళ్లకి తెలియనే తెలియదు. 1997 నవంబరులో చికాగోలో ఆమె మేరీ పియర్స్‌నీ, మోనికా సెలెస్‌నీ ఓడించి ఒక్కసారిగా అందరి కళ్లల్లో పడేనాటికి ఆమె ర్యాంకు 304.

పదిహేడేళ్లప్పుడు లెక్క తిరగబడుతుంది. 1999లో సెరెనా హింగిస్‌ని ఓడించి యూఎస్ ఓపెన్ గెలిచేసింది. కోకో పదిహేడేళ్లప్పుడు పార్మాలో ఒక చిన్న టైటిలూ, ఫ్రెంచ్ ఓపెన్‌లో క్వార్టర్ ఫైనలూ. ‘చూశారా, వెనకబడింది’ అన్నారు. మరి పంతొమ్మిదికి రండి. కోకో పంతొమ్మిదేళ్లకి, 2023లో, యూఎస్ ఓపెన్ గెలిచింది. సెరెనా పంతొమ్మిదేళ్ల వయసులో సింగిల్స్‌లో ఒక్క గ్రాండ్‌స్లామ్ కూడా గెలవలేదు! 2001 యూఎస్ ఓపెన్ ఫైనల్లో అక్క వీనస్ చేతిలోనే ఓడిపోయింది. 1999 యూఎస్ ఓపెన్ తర్వాత మళ్లీ గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలవడానికి ఆమెకి 2002 ఫ్రెంచ్ ఓపెన్‌దాకా పట్టింది. దాదాపు మూడేళ్లు. ఇప్పుడు ఎవరైనా ఆ మూడేళ్ల మాట ఎత్తుతారా? తర్వాత వచ్చిన టైటిళ్ల వరదలో అవి కొట్టుకుపోయాయి. మొత్తం 23 అయ్యాక మధ్యలో ఖాళీలు ఎవరికి కనబడతాయి? కోకో ఖాళీలు మాత్రం ఇప్పుడే మన కళ్లముందు జరుగుతున్నాయి కాబట్టి వారం వారం కనబడతాయి. ఇరవై ఒకటి నిండి ఇరవై రెండు రాకముందే సెరెనాకి ఆరు, కోకోకి 2025 ఫ్రెంచ్ ఓపెన్‌తో రెండు. ఇదీ లెక్క. ఒక ఏడు ఈమెది పైచేయి, ఒక ఏడు ఆమెది. ఇలాంటి కొలతతో ఒక పిల్ల భవిష్యత్తుకి తీర్పు చెప్పేస్తున్నారంటే ఏమనాలి?

అసలు పోలిస్తే పోల్చాల్సింది ఆటని. సెరెనాకి సర్వే ఆయుధం. ఆడవాళ్ల టెన్నిస్‌లో అంత గొప్ప సర్వ్ ఇంకొకరికి లేదంటారు, నేనూ అంటాను. స్కోరు ఎంత చిక్కులో ఉన్నా ఒక ఏస్ కొట్టి బయటపడేది. కోకోకి ఆ సర్వే గుండెదడ. 2024 యూఎస్ ఓపెన్‌లో, కిందటేడు గెలిచిన టోర్నీలోనే, ఎమ్మా నవారో మీద 19 డబుల్ ఫాల్టులు చేసి ఓడిపోయింది. పందొమ్మిది! అంటే ఎదుటామె బంతి ముట్టుకోకుండానే పందొమ్మిది పాయింట్లు చేతిలో పెట్టినట్టు. ఫోర్‌హ్యాండ్ కూడా ఒత్తిడిలో తడబడుతుంది. ఇవి దాచాల్సినవేం కావు, ఆమె కూడా దాచలేదు.

మరి ఇలాంటి సర్వ్‌తో ఆ పిల్ల ఇన్ని ఎలా గెలుస్తోంది? అది కదా రాయాల్సింది! పరుగు. ఆ కాళ్లు చూడాలి. అయిపోయింది, ఇది ఇక అందదు అనుకున్న బంతిని అందుకుని వెనక్కి పంపుతుంది. బ్యాక్‌హ్యాండ్ గోడలా నిలబడుతుంది. ఎదుటివాళ్లు ఒకే పాయింటుని మూడుసార్లు గెలవాల్సి వస్తుంది. 2023 యూఎస్ ఓపెన్ ఫైనల్లో సబలెంకా చేతిలో మొదటి సెట్ 2-6తో పోగొట్టుకుని, తర్వాత 6-3, 6-2తో గెలిచింది. 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లోనూ అదే సబలెంకా, అదే కథ. గాలి విసిరికొడుతున్న రోజు. మొదటి సెట్ టైబ్రేక్‌లో పోయింది. తర్వాత 6-2, 6-4. ఆ రోజు సబలెంకా తనంతట తాను చేసిన తప్పులు 70. అప్పటి నంబర్ వన్ చేత డెబ్భై తప్పులు చేయించడం చిన్న విషయమా? సెరెనా అయితే అలా ఎదురుచూసేదే కాదు, మధ్యలోనే బంతిని బద్దలుకొట్టి పాయింటు ముగించేది. ఇద్దరి చేతివాటం వేరు. గోంగూర పచ్చడి తింటూ ఆవకాయలా లేదంటే ఎలా?

గెలిచినప్పుడైనా ఊరుకుంటారా అంటే, ఊహూ. యూఎస్ ఓపెన్ గెలిస్తే ‘1999లో సెరెనా తర్వాత ఆ టైటిల్ గెలిచిన మొదటి అమెరికన్ టీనేజర్’ అన్నారు. 2024లో డబ్ల్యూటీఏ ఫైనల్స్ గెలిస్తే ‘2014లో సెరెనా తర్వాత’ అన్నారు. పారిస్‌లో గెలిస్తే ‘2015లో సెరెనా తర్వాత’. ఇవన్నీ నిజాలే, కాదనను. కానీ గెలుపులోనూ ఆ పేరే, ఓటమిలోనూ ఆ పేరే అయితే ఆ పిల్ల పేరు ఎక్కడ?

ఈ బాధ నాకు కొంచెం తెలుసు. నేను కథలు రాస్తాను. ఎవరైనా కలిసినప్పుడు ‘మీ కథలు చదువుతుంటే ఫలానా రచయిత్రి గుర్తొస్తారండీ’ అంటారు. మొదటిసారి ఎంత మురిసిపోయానో! ఆవిడంటే నాకు ప్రాణం. నాలుగోసారి విన్నాక మాత్రం ‘మరి నా కథ మీకు గుర్తుందా?’ అని అడగాలనిపించింది. అడగలేదనుకోండి, మర్యాద కాదు కదా.

పెద్దవాళ్లం, మనకి ఇది చిన్న చురుకు. పిల్లల విషయంలో అలా కాదు. జెన్నిఫర్ కాప్రియాటీ గుర్తుందా? తొంభైల మొదట్లో ఆ బుగ్గల పిల్ల ఫొటో వేయని పత్రిక లేదు. ఆమె కూడా ఫ్లోరిడా పిల్లే. క్రిస్ ఎవర్ట్ తండ్రి జిమ్మీ ఎవర్టే చిన్నప్పుడు ఆమెకి ఆట నేర్పాడు. ఇంకేం, ‘మరో క్రిస్ ఎవర్ట్’ అయిపోయింది. 1990 మార్చిలో, పద్నాలుగు నిండకుండానే ప్రొఫెషనల్ అయింది. ఆడిన మొదటి టోర్నీలోనే ఫైనల్‌కి వెళ్లింది. ఆ ఏడాదే ఫ్రెంచ్ ఓపెన్ సెమీస్. పదహారేళ్లకి బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్టెఫీ గ్రాఫ్‌ని ఓడించి బంగారు పతకం. 1993 యూఎస్ ఓపెన్‌లో మొదటి రౌండ్లోనే ఓడి, ఆట వదిలి వెళ్లిపోయింది. 1994లో గంజాయి కేసులో పోలీసులు పట్టుకుంటే, స్టేషన్లో తీసిన ఫొటో దేశమంతా అచ్చయింది. పద్దెనిమిదేళ్ల పిల్ల! రెండేళ్ల కింద బంగారు పతకంతో నవ్విన ఫొటో వేసినవాళ్లే ఇదీ వేశారు.

అన్నిటికీ పోలికే కారణమని నేననను. డబ్బుంది, ఒప్పందాలున్నాయి, తీరిక లేని ప్రయాణాలున్నాయి. కానీ ఇంకొకరి జీవితాన్ని పదమూడేళ్లకే వేగంగా బతికి చూపించమన్నారు చూడండి, అది మాత్రం మామూలు బరువు కాదు. కాప్రియాటీ గట్టిది కాబట్టి తిరిగొచ్చింది. 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్, మళ్లీ 2002లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. అప్పుడు ఆమెని ఎవరితోనూ పోల్చలేదు. పోల్చడానికి అలాంటి కథ ఇంకొకటి లేదు మరి!

ఆ అనుభవంతోనే 1995 నుంచి మహిళల టెన్నిస్ సంఘం ఒక నియమం అమల్లోకి తెచ్చింది. పద్దెనిమిదేళ్లు నిండేదాకా అమ్మాయిలు ఏడాదికి ఇన్ని టోర్నీలే ఆడాలని వయసుని బట్టి పరిమితి. 2019లో కోకో గెలుపులు చూసి, ఇంత బాగా ఆడే పిల్లకి ఈ అడ్డెందుకు, సడలించండి అన్నవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం ఆ నియమం తల్లి మాటలా అనిపిస్తుంది. చీకటి పడింది, ఇంక ఆట చాలు, లోపలికి రా అన్నట్టు. 2022లో కోకో ఫ్రెంచ్ ఓపెన్‌కి వెళ్లినప్పుడు, హైస్కూలు చదువు పూర్తయిందని ఈఫిల్ టవర్ దగ్గర టోపీ, గౌను వేసుకుని ఫొటోలు దిగింది. ఆ టోర్నీ ఫైనల్లో ష్వియాటెక్ చేతిలో 1-6, 3-6తో చిత్తుగా ఓడింది. కాప్రియాటీని పోలీసులు పట్టుకున్న వయసులో కోకో చేతిలో ఒక ఓటమీ, ఒక స్కూలు సర్టిఫికెట్టూ ఉన్నాయి. ఆ ఏడాది మళ్లీ ‘ఇంకా గెలవలేదేం’ అన్నారు. మరుసటేడు వింబుల్డన్‌లో మొదటి రౌండ్లోనే ఓడితే ‘అతిగా పొగిడాం’ అని చేతులు దులుపుకున్నారు. రెండు నెలలు దాటగానే యూఎస్ ఓపెన్ గెలిచింది. కప్పు పుచ్చుకుంటూ, నన్ను నమ్మనివాళ్లకి కూడా థాంక్స్ అంది. చెక్కు అందుకుంటూ, పక్కనున్న బిల్లీ జీన్ కింగ్ వైపు తిరిగి, దీనికోసం పోరాడినందుకు మీకు కృతజ్ఞతలు అంది. ఆ టోర్నీ ఆడవాళ్లకీ మగవాళ్లకీ సమానంగా డబ్బివ్వడం 1973లో మొదలైంది మరి. కోకో అందుకున్నది 30 లక్షల డాలర్లు.

మన సానియాని తీసుకోండి. సానియాదీ నాదీ ఇంచుమించు ఒకే వయసు. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్లో ఆమె సెరెనాతో ఆడిన రోజు, మా డిగ్రీ కాలేజీ హాస్టల్ టీవీ గదిలో నిలబడటానికి చోటు లేదు. 1-6, 4-6తో ఓడిపోయింది. రెండో సెట్లో ఆ నాలుగు గేమ్‌లకీ మేం వేసిన కేకలకి వార్డెన్ పరుగెత్తుకొచ్చింది. అక్కణ్ణుంచి మనవాళ్లు సానియా సింగిల్స్ ర్యాంకు పట్టుకుని కూర్చున్నారు. 2007లో 27వ ర్యాంకుకి వెళ్లింది. తర్వాత మణికట్టు దెబ్బతింది, ర్యాంకు పడిపోయింది. ‘అయిపోయింది’ అన్నారు. ఆమె మాత్రం తన శరీరం ఏం చెబుతోందో విని 2013లో సింగిల్స్ వదిలేసి డబుల్స్ మీద పడింది. 2015 ఏప్రిల్లో డబుల్స్ నంబర్ వన్. అన్నీ కలిపి ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు. సింగిల్స్ మెట్లే లెక్కపెడుతూ కూర్చున్నవాళ్లకి పక్కనున్న ఈ మెట్లు చాలాకాలం కనబడనేలేదు. మూడు టైటిళ్లలో ఆమె పక్కన ఆడిన మార్టినా హింగిస్‌కి ఆ పేరు పెట్టిందే మార్టినా నవ్రతిలోవా మీద అభిమానంతో వాళ్లమ్మ! పోలిక పేరులోనే ఉన్నా, ఆమె ఆట ఆమె ఆడుకుంది.

ఆ మాటకొస్తే సెరెనాని మాత్రం వదిలారా? 2017లో ఆమె గర్భవతిగా ఉండగానే ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. అది ఇరవై మూడోది. ఆ సెప్టెంబరులో పాప పుట్టింది, కాన్పు తర్వాత ప్రాణం మీదికొచ్చింది. తిరిగి కోలుకుని వచ్చి 2018లో, 2019లో నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనల్స్ ఆడింది. నాలుగూ ఓడింది. పసిబిడ్డ తల్లి నాలుగు ఫైనల్స్ ఆడిందని ఎంతమంది రాశారు? మార్గరెట్ కోర్టు 24 అందుకోలేకపోయింది అనే రాశారు. 2022లో ఆట నుంచి తప్పుకుంటున్నానని చెబుతూ ఆమె రాసిన వ్యాసంలో, తను మగవాడయి ఉంటే ఇలా ఆటా, సంసారమా అని తేల్చుకోవాల్సిన అవసరం వచ్చేది కాదని అంది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఉద్యోగానికీ ఇంటికీ మధ్య ఏదో ఒకటి తేల్చుకున్న ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమంది లేరు!

పోలికలన్నీ చెడ్డవని నేననడం లేదు. సెరెనా తప్పుకుంటున్న రోజుల్లో కోకో ఒక మాట చెప్పింది. చిన్నప్పుడు ప్రపంచ నంబర్ వన్ తనలాంటి అమ్మాయే కాబట్టి, ఈ ఆటలో తను వేరు అని తనకెప్పుడూ అనిపించలేదని. ఎంత పెద్ద మాట! కోకో అమ్మమ్మ ఇవాన్, 1961లో ఫ్లోరిడాలో తెల్లపిల్లల హైస్కూల్లో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి విద్యార్థిని. ఆమె ముందు అలాంటి బొమ్మ లేదు, ఒంటరిగా నడవాల్సి వచ్చింది. మనవరాలికి సెరెనా ఉంది. ఆ పిల్ల తనంతట తాను గోడ మీద అంటించుకున్న బొమ్మ వేరు, ఊరంతా కలిసి ఆ పిల్ల పక్కన నిలబెట్టి ఎత్తు కొలిచే కర్ర వేరు. అదే కోకో, తనని విలియమ్స్ సోదరీమణులతో పోల్చడం వాళ్లకే న్యాయం కాదని కూడా అంది. అంత చిన్నదానికి ఉన్న ఇంగితం మనకి ఉండొద్దూ?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. సెలవుల్లో బ్యాడ్మింటన్‌కి వెళుతోంది. మొన్న రాకెట్ సంచీ తగిలించుకుని మెట్లు దిగుతుంటే, కింద వాటాలో ఉండే ఆవిడ ఆప్యాయంగానే అడిగింది, ‘ఏమ్మా, మరో సింధువి అవుతావా?’ అని. అది ఆగి, కాసేపు నిజంగానే ఆలోచించింది.

‘‘కుదరదాంటీ. సింధు చాలా పొడుగు. నేను నెట్ దగ్గర ఆడతాను’’ అని చెప్పి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.